చంద్రుణ్ణి చూసి తిథి చెప్పడం ఎలా?

"చంద్రుడి మీద భూమి నీడ పడితేనే కదా నెలవంక అయ్యేది?" "పాఠ్యపుస్తకంలో నెలవంక నిలువుగా ఉంది, మా డాబా మీంచి చూస్తే పడవలా పడుకుని ఉందేంటి?" "క్యాలెండర్లో పౌర్ణమి నిన్ననే అయిపోయింది, ఇవాళా నిండుగానే ఉన్నాడే?"

ఈ మూడు ప్రశ్నలూ పదే పదే వస్తుంటాయి. మూడింటికీ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. చంద్రుడి ఆకారాన్ని బట్టీ పట్టడం మానేసి, సూర్యుడికి చంద్రుడు ఎంత దూరం జరిగాడో కొలవడం అలవాటు చేసుకోవాలి. మన పంచాంగం లెక్క కూడా అదే. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అలా 30 తిథులు, మొత్తం 360 డిగ్రీలు. మీ చేతి పిడికిలితోనే ఈ కొలత కొలవచ్చు. ముందు గదిలో అరగంట పని, తర్వాత డాబా మీద నెల రోజులపాటు రోజుకు 5 నిమిషాలు చాలు.

మొదలుపెట్టడానికి కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మంచి కాలం. శ్రావణ భాద్రపదాల్లో మబ్బులు వరుసగా నాలుగైదు రోజులు మింగేస్తాయి, వరస తెగిపోతుంది.

కావాల్సినవి

- 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, హోల్డరు, పొడవాటి వైరు. పైన షేడ్ ఉండకూడదు. ట్యూబ్‌లైటు పనికిరాదు, పొడవాటి వెలుగులో నీడ అంచు చెదిరిపోతుంది.
- 6–7 సెంటీమీటర్ల తెల్లటి థర్మోకోల్ బంతి. దొరక్కపోతే గుండ్రటి బత్తాయికి సున్నం పూసి ఆరబెట్టండి. పింగ్‌పాంగ్ బంతి వద్దు, వెలుతురు దాని లోపలికి దిగి చీకటివైపు కూడా మెరుస్తుంది. నున్నటి ప్లాస్టిక్ బంతీ వద్దు, ఒక్క చుక్క తళుక్కుమంటుంది తప్ప సగం వెలిగినట్టు కనిపించదు.
- బంతికి గుచ్చడానికి పెన్సిల్.
- రెండు మూరల దారం, ఒక తాళంచెవి.
- నోటుపుస్తకం.
- తిథి ఎన్నింటికి ముగుస్తుందో గంటల్లో, నిమిషాల్లో ఇచ్చే క్యాలెండర్ లేదా పంచాంగం. తిథి పేరు మాత్రమే ఉన్న క్యాలెండర్ చాలదు, ఎందుకో కింద చెబుతాను.
- ఉంటే బైనాక్యులర్స్. లేకపోయినా ఏ పనీ ఆగదు.

సిద్ధాంతం ఇంతే: చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మన కళ్ళకు ఎంత కనిపిస్తుందన్నదే రోజురోజుకీ మారుతుంది. ఇందులో భూమి నీడకు పాత్ర లేదు.

గదిలో: బల్బు, బంతి, మీ తల

1. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, బల్బును మీ తల ఎత్తులో అమర్చండి. మీరు బల్బుకు కనీసం 2 మీటర్ల దూరంలో నిలబడాలి. మరీ దగ్గరైతే బంతి మీద వెలుగు సరిగ్గా సగానికి రాదు.

2. బంతికి పెన్సిల్ గుచ్చి, చెయ్యి పూర్తిగా చాచి, తలకంటే కాస్త ఎత్తులో పట్టుకోండి. ఇక్కడ మీ తలే భూమి. ఒక కన్ను మూసుకుంటే వెలుగు అంచు స్పష్టంగా తెలుస్తుంది.

3. బల్బుకు ఎదురుగా నిలబడి, బంతిని బల్బు వైపే చాచండి. మీకు బంతి చీకటివైపు మాత్రమే కనిపిస్తుంది. ఇది అమావాస్య.

4. అక్కడే నిలబడి, నెమ్మదిగా మీ ఎడమచేతి వైపు తిరగండి. బంతి కూడా మీతో పాటే తిరగాలి. కొద్దిగా తిరగ్గానే కుడి అంచున సన్నటి వంక పుడుతుంది. పావు చుట్టు తిరిగేసరికి బల్బు సరిగ్గా మీ కుడిభుజం వైపుకు వస్తుంది, బంతి సగం వెలుగుతుంది. ఇది శుద్ధ అష్టమి. ఇక్కడ ఒక నిమిషం ఆగి, ముక్కు బంతి వైపు, కుడిభుజం బల్బు వైపు ఉన్నాయని చూసుకోండి. రేపు ఆకాశంలో వెతకాల్సిన లంబకోణం అదే.

5. ఇంకా తిరగండి. బల్బు మీ వీపు వెనక్కి వచ్చేసరికి బంతి నిండుగా వెలుగుతుంది. ఇది పౌర్ణమి. ఇప్పుడు బంతిని మీ తల ఎత్తుకు దించండి. మీ తల నీడ దాన్ని మింగేస్తుంది. అదీ చంద్రగ్రహణం. మళ్ళీ పైకెత్తండి, నీడ తప్పిపోతుంది.

6. చుట్టు పూర్తి చేయండి. ఈసారి వెలుగు ఎడమ అంచున ఉంటుంది, రానురాను సన్నబడుతుంది. ఇది బహుళ పక్షం.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. కుడివైపు తిరిగితే పక్షాలు తారుమారవుతాయి. గోడలు తెల్లగా ఉంటే వెలుగు తిరిగివచ్చి బంతి చీకటివైపు బూడిదరంగులో కనిపిస్తుంది, అప్పుడు బంతికి వెనకగా ముదురు రంగు దుప్పటి వేలాడదీయండి. అసలు పెద్ద పొరపాటు మూడోది: పౌర్ణమి దగ్గర తల నీడ పడటం చూసి, "చూశారా, నీడ వల్లే కళలు!" అనుకోవడం.

అందుకే కొలతలు తెలియాలి. మీ బంతి 7 సెంటీమీటర్లయితే, అదే లెక్కలో భూమి దాదాపు 26 సెంటీమీటర్ల బంతి, రెండింటి మధ్య దూరం దాదాపు 7.7 మీటర్లు. సూర్యుడు 28 మీటర్ల గోళం, 3 కిలోమీటర్ల అవతల ఉంటాడు. మీరేమో బంతిని రెండు అడుగుల దూరంలోనే పట్టుకున్నారు, అందుకే నీడ అంత సులువుగా తగిలింది. నిజంగా చంద్రుడి దారి, సూర్యుడు కనిపించే దారికి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. పౌర్ణమి నాడు చంద్రుడు భూమి నీడకు పైనో కిందో 34 వేల కిలోమీటర్ల దాకా తప్పుకోగలడు. అక్కడ భూమి నీడ వ్యాసం దాదాపు 9 వేల కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి చాలా పౌర్ణములు గ్రహణం లేకుండానే వెళ్ళిపోతాయి.

ఆకాశంలో గ్రహణం వేరు, కళ వేరు అని గుర్తుపట్టే గట్టి గుర్తు ఒకటుంది. నెలవంక కొమ్ముల కొసలు రెండూ ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటాయి. వాటిని కలుపుతూ గీత గీస్తే అది చంద్రబింబం నడిమధ్యగా పోతుంది. గ్రహణంలో నీడ కొరికినప్పుడు ఈ లెక్క కుదరదు. 2025 సెప్టెంబరు 7న, భాద్రపద పౌర్ణమి రాత్రి 11 గంటల నుంచి 12.22 దాకా సంపూర్ణ గ్రహణం పట్టింది. దానికి ముందు గంటపాటు నీడ పాకుతున్న ఫోటోలు మీ ఫోనులో ఉంటే తీసి ఈ గీత గీసి చూడండి. పైగా గ్రహణం గంటల్లో మారుతుంది, కళ మారడానికి రోజులు పడుతుంది.

చెయ్యే కొలబద్ద

7. చెయ్యి పూర్తిగా చాచి పట్టుకున్నప్పుడు చిటికెనవేలి వెడల్పు 1 డిగ్రీ, బొటనవేలు 2, మధ్యనున్న మూడు వేళ్లు కలిపి 5, పిడికిలి 10, జాన సుమారు 20 డిగ్రీలు. అంటే ఒక తిథి ఒక పిడికిలి, దాని పక్కన ఒక బొటనవేలు. పిల్లలకూ ఇదే లెక్క పనిచేస్తుంది, చెయ్యి చిన్నదైతే పిడికిలీ చిన్నదే కదా.

ముందు మీ పిడికిలిని సరిచూసుకోండి. కళ్ళ ఎత్తులో దిగంతం దగ్గర మొదలుపెట్టి, పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ నడినెత్తి దాకా వెళ్ళండి. 9 రావాలి. మీకు 8 వస్తే మీ పిడికిలి 11 డిగ్రీల పైచిలుకు, 10 వస్తే 9 డిగ్రీలు. ఆ అంకె నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. నడినెత్తి ఎక్కడో అందాజుగా అనుకుంటే తప్పుతుంది, చాలామంది 65–70 డిగ్రీల దగ్గరే నడినెత్తి అనుకుంటారు. దారానికి తాళంచెవి కట్టి నెత్తికి సూటిగా పైన వేలాడదీసి, దారం వెంట పైకి చూడండి, సరైన చోటు తెలుస్తుంది. కొలిచేటప్పుడు మోచెయ్యి వంగితే పిడికిలి పెద్దదైనట్టు లెక్క, అంకె తక్కువొస్తుంది.

చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. చాచిన చేతి చిటికెనవేలిలో సగం. నమ్మకం కుదరకపోతే ఇవాళ రాత్రే వేలు అడ్డం పెట్టి చూడండి.

శుద్ధ పక్షం: సాయంత్రం డాబా మీద

8. అమావాస్య తర్వాత విదియ నాటి సాయంత్రం మొదలుపెట్టండి. పాడ్యమి నాడు సాధారణంగా కనిపించడు. సూర్యుడికి మరీ దగ్గరగా ఉంటాడు, సందె వెలుగులో మునిగిపోతాడు. పడమర అడ్డం లేని చోటు ఎంచుకుని, నెలంతా పిట్టగోడ దగ్గర అదే చోట నిలబడాలి. సూర్యుడు ఎక్కడ మునిగాడో అక్కడున్న చెట్టునో నీళ్ళ ట్యాంకునో గుర్తు పెట్టుకోండి.

హెచ్చరిక: సూర్యుడు పూర్తిగా మునిగాకే కొలవండి. మునుగుతున్న సూర్యుడి వైపు బైనాక్యులర్స్ పొరపాటున కూడా తిప్పవద్దు.

9. సూర్యుడు మునిగిన 10–15 నిమిషాల్లోపు, మునిగిన చోటు నుంచి చంద్రుడి దాకా పిడికిళ్లు లెక్కపెట్టండి. చంద్రుడు ఎడమకు వాలి ఉంటే పిడికిళ్లు కూడా ఏటవాలుగా, ఆ గీత వెంటే వెళ్ళాలి. దిగంతం నుంచి నిట్టనిలువుగా ఎత్తు కొలిచి ఊరుకోవడం అందరూ చేసే తప్పు. ఫాల్గుణంలో తేడా పెద్దగా రాదు కానీ భాద్రపదంలో ఒక తిథి దాకా తప్పుతుంది. ఆలస్యం చేయడం రెండో తప్పు. సూర్యుడు దిగంతం కింద గంటకు 15 డిగ్రీలు జరిగిపోతాడు. అరగంట ఆలస్యమైతే 7 డిగ్రీలకు పైగా పోయినట్టే.

10. వచ్చిన డిగ్రీలను 12తో భాగించండి. భాగఫలానికి ఒకటి కలపండి. అదే తిథి. 50 డిగ్రీలు వచ్చాయనుకోండి. 12తో భాగిస్తే 4, శేషం 2. నాలుగు తిథులు అయిపోయాయి, అయిదోది నడుస్తోంది, అంటే పంచమి. ఒకటి కలపడం మరిచిపోయి చవితి అనేస్తారు.

సరిచూసుకోవడానికి: 2 పిడికిళ్లు విదియ, 4 చవితి, 5 పంచమి, 7 షష్ఠి, 9 అష్టమి. చంద్రుడు సరిగ్గా సగం ఉండేది అష్టమి నట్టనడుమ, 90 డిగ్రీల దగ్గర. సూర్యుడు మునిగేవేళ దక్షిణాన ఎత్తులోనో, కొన్ని నెలల్లో దాదాపు నడినెత్తినో నిలబడి ఉంటాడు.

11. నవమి దాటాక పడమర నుంచి కొలవకండి. పది పన్నెండు పిడికిళ్లు పేర్చేటప్పుడు చిన్న చిన్న పొరపాట్లు కలిసి పెద్దవవుతాయి. సూర్యాస్తమయానికి తూర్పు వైపు తిరగండి. సూర్యుడు మునిగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న తూర్పు దిగంతం 180 డిగ్రీలు. అక్కడి నుంచి చంద్రుడి దాకా కొలిచి 180లోంచి తీసేయండి. 4 పిడికిళ్లు వస్తే 140 డిగ్రీలు, అంటే ద్వాదశి.

12. ఇప్పుడు క్యాలెండర్ తెరవండి. గళ్ళలో పెద్దగా అచ్చయ్యే తిథి ఆ రోజు సూర్యోదయానికి ఉన్నది. మీరు చూసింది సాయంత్రం. "చవితి మ. 2.40 వరకు" అని ఉంటే సాయంత్రానికి నడుస్తున్నది పంచమి. మీ కొలత పంచమి అంటే మీరే రైటు. చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి మానేస్తారు, అది చూస్తే బాధేస్తుంది, కొలత సరిగ్గానే ఉంటుంది మరి. చంద్రుడి వేగం నెలలో మారుతుంటుంది కాబట్టి ఒక్కో తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా సాగుతుంది. ఒక తిథి సూర్యోదయాన్నే తాకకుండా దాటిపోవడం, ఇంకో తిథి రెండు సూర్యోదయాలకు ఉండటం అందుకే.

మొదటి వారంలో ఒక తిథి అటూఇటూ తప్పినా ఫరవాలేదు. రెండో వారానికి మీ తేడా ఎప్పుడూ ఒకవైపే వస్తుంటే పిడికిలి అంకె మళ్ళీ సరిచూసుకోండి.

వెలుగు ఎటు ఉంది?

"కుడివైపు వెలిగితే శుద్ధ పక్షం, ఎడమవైపు వెలిగితే బహుళ పక్షం" అనే సూత్రం పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. గదిలో బంతితో అది కుదిరింది కూడా. మన ఆకాశంలో మాత్రం సగం రోజులు కుదరదు. అది భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న దేశాల వాళ్ళకు సరిపోయే సూత్రం. వాళ్ళకు చంద్రుడు దక్షిణ ఆకాశంలో వాలుగా పోతాడు. తెలుగు నేల సుమారు 13 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. మనకు చంద్రుడు దాదాపు నెత్తిమీదుగా పోతాడు, పడమరకు నిటారుగా దిగుతాడు. దిగేటప్పుడు వెలిగే అంచు కిందికి ఉంటుంది, కొమ్ములు పైకి లేస్తాయి. అదే పడవ. ఉగాది మర్నాడో ఆ పైరోజో సాయంత్రం పడమటి వైపు చూడండి, నెలవంక పడవలా తేలుతుంది. ఆశ్వయుజ కార్తీకాల్లో అదే విదియ చంద్రుడు సూర్యుడు మునిగిన చోటుకు ఎడమగా ఉండి, కొమ్ములు ఎడమవైపు పైకి వాల్చుకుని కనిపిస్తాడు.

ఎక్కడైనా, ఏ తిథికైనా పనిచేసే సూత్రం ఒక్కటే: వెలిగే అంచు సూర్యుడి వైపు చూస్తుంది. సాయంత్రం పడమటి వైపు చూస్తుంటే శుద్ధ పక్షం. తెల్లవారుజామున తూర్పు వైపు చూస్తుంటే బహుళ పక్షం.

దశమి ఏకాదశి సాయంత్రాల్లో ఇదీ తప్పినట్టు అనిపిస్తుంది. సూర్యుడు కింద మునుగుతుంటే చంద్రుడి వెలిగే అంచు పైకి, ఆకాశంలోకి చూస్తున్నట్టుంటుంది. అది కంటి భ్రమ. అప్పుడు దారాన్ని రెండు చేతులతో బిగువుగా పట్టుకుని, ఒక కొస సూర్యుడు మునిగిన చోటుకు, ఇంకో కొస చంద్రుడికి ఆనేలా కళ్ళ ముందు చాచండి. దారం వెలిగే అంచు నడుమకే తగులుతుంది. దారం వదులైతే ఈ పరీక్ష పనిచేయదు.

పట్టపగలు చేసే పరీక్ష

అన్నింట్లోకీ నాకు ఇదే ఎక్కువ ఇష్టం, పిల్లలకు చూపించాల్సింది కూడా ఇదే. శుద్ధ సప్తమి నుంచి నవమి లోపు, సాయంత్రం 4–5 గంటలకు, ఎండ ఇంకా ఉండగానే డాబా మీదికి వెళ్ళండి. తూర్పు ఆగ్నేయాల వైపు ఆకాశంలో తెల్లగా చంద్రుడు కనిపిస్తాడు. సూర్యుడికి వీపో భుజమో తిప్పి నిలబడి, థర్మోకోల్ బంతిని ఎండ తగిలేలా, చంద్రుడి పక్కనే కనిపించేలా చాచి పట్టుకోండి. బంతి మీద ఎండ పడిన భాగం ఏ ఆకారంలో ఉందో, ఏ వాలులో ఉందో, చంద్రుడూ అచ్చం అలాగే ఉంటాడు. బంతి మీద భూమి నీడ లేదు కదా. మరి చంద్రుడి మీద ఎక్కణ్ణుంచి వస్తుంది?

కుదరకపోతే కారణం సాధారణంగా ఒకటే: బంతిని చంద్రుడి దిశకు దూరంగా పట్టుకోవడం. రెండూ ఒకే చూపులో ఇమడాలి. బహుళ పక్షంలో ఇదే పని ఉదయం 7–8 గంటలకు, పడమటి ఆకాశంలో చంద్రుడితో చేయవచ్చు.

బహుళ పక్షం: గడియారంతో

13. పౌర్ణమో చతుర్దశో కంటికి తేడా తెలియదు. చతుర్దశి ముగిసేసరికే బింబం దాదాపు 99 శాతం వెలుగుతుంది, పౌర్ణమి మర్నాడూ అంతే. ఆకారం వదిలేసి చంద్రోదయం చూడండి. సూర్యుడు మునగకముందే చంద్రుడు తూర్పున పిడికెడు ఎత్తు లేచి ఉంటే ఇంకా పౌర్ణమి ఘడియ రాలేదు. సూర్యుడు మునుగుతుంటే అటు చంద్రుడు తొంగిచూస్తే పౌర్ణమి. చీకటి పడ్డాక వస్తే పౌర్ణమి దాటింది.

14. అక్కడి నుంచి రోజూ చంద్రోదయం సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నెలను బట్టి ఇది 40 నిమిషాలకు తగ్గవచ్చు, గంటకు చేరవచ్చు. సూర్యుడు ఆరింటికి మునిగి ఆరింటికి లేస్తాడనుకుంటే, సుమారుగా: విదియ 7.15, తదియ 8, చవితి 9, అష్టమి అర్ధరాత్రి, ఏకాదశి 2.30, త్రయోదశి తెల్లవారుజామున 4. సంకటహర చవితి ఉపవాసం వాళ్ళు రాత్రి దాకా ఎదురుచూడటం, అట్లతద్దికి ఎనిమిది అటూఇటూగా చంద్రుడు రావడం ఈ లెక్కే. శుద్ధ చవితికి ఇది తిరగబడుతుంది. వినాయక చవితి నాడు చంద్రుడు పగలే ఎక్కి ఉంటాడు, రాత్రి 8.30–9 మధ్య అస్తమిస్తాడు. ఆ రోజు చంద్రుణ్ణి చూడకూడదనుకునే వాళ్ళు జాగ్రత్తపడాల్సింది సందెవేళ నుంచి అప్పటిదాకానే.

15. అష్టమి తర్వాత తెల్లవారుజామున లేవాలి. సూర్యుడు రాబోయే చోటు నుంచి చంద్రుడి దాకా, సూర్యోదయానికి 10–15 నిమిషాల ముందు కొలవండి. వచ్చిన దాన్ని 360లోంచి తీసి, 12తో భాగించి, ఒకటి కలపండి. 40 డిగ్రీలు వస్తే 320, భాగఫలం 26, ఒకటి కలిపితే 27వ తిథి. అందులోంచి 15 తీసేస్తే బహుళ ద్వాదశి.

తెల్లవారుజామున లేవలేని వాళ్ళు ఈ పక్షాన్ని వదిలేసి, తర్వాతి శుద్ధ పక్షంలో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కానీ త్రయోదశి వంక, దాని ఒడిలో మసకగా కనిపించే మిగతా బింబం చూడకుండా ఉండటం పెద్ద లోటు. ఆ మసక వెలుగు భూమి మీద పడిన ఎండ తిరిగి చంద్రుడికి చేరి మనకు కనిపించడం. విదియ, తదియ సాయంత్రాల్లోనూ కనిపిస్తుంది.

నోటుపుస్తకంలో ఏం రాయాలి

ఒక్కో రోజుకు ఒక్క వరస: తేదీ, సమయం, ఎన్ని పిడికిళ్లు, వెలుగు ఎటు, పక్కన ప్రకాశించే నక్షత్రం ఉంటే దాని పేరు, మీ లెక్కలో తిథి, క్యాలెండర్ తిథి. బొమ్మ గీస్తే ముందు గుండ్రంగా పూర్తి బింబం గీసి, తర్వాత చీకటి భాగం నల్లగా నింపండి. నేరుగా వంక గీస్తే కొమ్ములు చుట్టుకుపోయి గ్రహణం బొమ్మ అవుతుంది. కొమ్ముల మధ్య నక్షత్రం కూడా గీయవద్దు. అక్కడ ఖాళీ లేదు, చంద్రుడి చీకటి సగం ఉంది. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాయండి, అంచనాతో నింపవద్దు.

ఫోను ఫోటో మీద ఆధారపడకండి. మామూలుగా తీస్తే తెల్లటి ముద్ద వస్తుంది, వంక కూడా పూర్ణబింబంలా ఉబ్బుతుంది. ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ 50 లేదా 100, షట్టర్ పౌర్ణమికి 1/1000 సెకను, నెలవంకకు 1/100 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. ప్రో మోడ్ లేకపోతే తెర మీద చంద్రుణ్ణి తాకి, వెలుగు గుర్తును పూర్తిగా కిందికి లాగండి.

బైనాక్యులర్స్ ఉన్నవాళ్ళు పౌర్ణమి నాడు చూసి నిరాశపడుతుంటారు. ఎండ నిలువుగా పడేటప్పుడు గుంటలకు నీడలుండవు. సప్తమి, అష్టమి నాడు చూడండి. వెలుగూ చీకటీ కలిసే అంచు దగ్గర అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది, పొడవాటి నీడల్లో గుంటలు, కొండలు లేచి నిలబడతాయి. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ 2023 ఆగస్టు 23న దిగింది. ఆ సాయంత్రం మన ఆకాశంలో నడుస్తున్నది నిజ శ్రావణ శుద్ధ సప్తమి. దిగిన చోట అప్పటికి కొత్తగా పొద్దుపొడిచింది. అక్కడ ఒక పగలు మనకు దాదాపు 14 రోజులు. ఆ ఎండతోనే ల్యాండరూ రోవరూ పనిచేశాయి.

పెద్దగా లేచిన చంద్రుడు

ఉదయించే చంద్రుడు పెద్దగా కనిపించడం కూడా కంటి భ్రమే. కాగితానికి పంచింగ్ మిషన్‌తో రంధ్రం చేసి, చెయ్యి చాచి అందులోంచి చూడండి. ఆ 6 మిల్లీమీటర్ల రంధ్రంలో చంద్రుడు ఇంచుమించు సరిపోతాడు. రెండు గంటల తర్వాత, బాగా ఎత్తుకు ఎక్కాక మళ్ళీ చూడండి. అంతే సరిపోతాడు. చంద్రుడు దగ్గరికొచ్చినప్పుడు సుమారు 3,57,000 కిలోమీటర్లు, దూరమైనప్పుడు 4,06,000 కిలోమీటర్లు. ఆ తేడా వల్ల బింబం నిజంగానే 14 శాతం దాకా మారుతుంది కానీ అది వారాల మీద జరిగే మార్పు, ఒక్క రాత్రిలో జరిగేది కాదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు

తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. ఇక్కడి పంచాంగంలో పౌర్ణమి జనవరిలో ఉదయం 6.30కి ముగిస్తే, న్యూయార్క్‌లో అది ముందురోజు రాత్రి 8 గంటలు. అందుకే అక్కడి ఊరికి లెక్కించిన పంచాంగమే వాడండి. లండన్, న్యూయార్క్ లాంటి చోట్ల నెలవంక ఎక్కువగా నిలువుగా ఉంటుంది, పాఠ్యపుస్తకం బొమ్మలా. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్ళు చంద్రుణ్ణి ఉత్తరం వైపు తిరిగి చూడాలి, వాళ్ళకు శుద్ధ అష్టమి నాడు ఎడమ సగం వెలుగుతుంది. పిడికిలి లెక్క, "వెలుగు సూర్యుడి వైపు" సూత్రం అక్కడా మారవు.

చివరి పరీక్ష: నక్షత్రం

చంద్రుడు గంటకు తన వెడల్పంత, రోజుకు 13 డిగ్రీలు, అంటే ఒక నక్షత్రం చొప్పున తూర్పుకు జరుగుతాడు. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ అతని దారికి దగ్గరగా ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాలు. వీటిలో ఒకటి పక్కకు వచ్చిన రాత్రి, రెండు గంటల తేడాతో రెండుసార్లు చూసి ఎంత జరిగాడో నోటుపుస్తకంలో రాయండి. తర్వాత 27 రోజులు లెక్కపెట్టి మళ్ళీ చూడండి. చంద్రుడు అదే నక్షత్రం దగ్గరికి తిరిగొస్తాడు కానీ కళ అదే ఉండదు, రెండు తిథులకు పైగా వెనకబడి ఉంటాడు. ఆ 27.3 రోజుల్లో సూర్యుడు కూడా తూర్పుకు ఇంకో 27 డిగ్రీలు జరిగాడు, చంద్రుడు అతణ్ణి అందుకోవడానికి మరో రెండు రోజులు కావాలి. అందుకే పౌర్ణమి నుంచి పౌర్ణమికి సగటున 29.53 రోజులు.

పౌర్ణమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే మాసానికి ఆ పేరు. కార్తీక పౌర్ణమి రాత్రి కృత్తికల గుంపు ఎక్కడుందో చూడండి. వెన్నెల వెలుగులో అది కంటికి సరిగా ఆనదు, చంద్రుణ్ణి బొటనవేలితో కప్పి, చుట్టూ ఒకటి రెండు పిడికిళ్ల దూరం లోపల వెతకండి.